లిస్టులో మొదటి పేరు

మా గనిలో మోకాళ్లు అరిగినవాళ్లు పద్నాలుగు మంది. ఇది డాక్టర్ల లెక్క కాదు, హాజరు వేసే మస్టర్ ఆఫీసు లెక్క. నిజంగా అరిగినవాళ్లు ఇంకా చాలామందే ఉంటారు. యాభై అయిదు దాటాక, లోపల పని చేయలేకపోతున్నాం, పైన ఏదైనా చూపించండి అని దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు మాత్రం పద్నాలుగు మంది. పైన, అంటే సర్ఫేస్‌లో, కూర్చుని చేసే పనులు రెండే ఖాళీగా ఉండేవి. ఒకటి ల్యాంపు రూములో తలదీపాలను ఛార్జింగుకు పెట్టి, షిఫ్టుకు దిగేవాళ్లకు అందించడం. రెండోది స్టోరు కిటికీ దగ్గర పారలూ గొడ్డళ్లూ ఇచ్చి పుచ్చుకోవడం.

ఆ రెండు జాగల కోసం ప్రతి నెలా మొదటి పనిరోజున, పొద్దుటి షిఫ్టు దిగేముందు, మస్టర్ హాల్లో చీటీలు తీసేవాళ్లు. ఒక హెల్మెట్ వెల్లకిలా పట్టుకుని, పద్నాలుగు చీటీలు వేసి, రెండు తీసేవాళ్లు. పేరు వచ్చినవాళ్లు ఆ నెలంతా పైన, మిగతావాళ్లు కింద. మరుసటి నెల మళ్లీ పద్నాలుగు చీటీలూ టోపీలో పడాల్సిందే, పోయిన నెల పేరు వచ్చినవాడిది కూడా. అది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. వచ్చినవాణ్ని పక్కన పెడుతూ పోతే అది వరస అవుతుంది, వరస అయితే ముందెవరు వెనకెవరని కొట్లాట వస్తుంది, నసీబుతో అయితే కొట్లాడేదేం ఉండదని వాళ్ల వాదన.

నసీబుతో కూడా కొట్లాట వచ్చింది. ఒక నెల ఎవరిదో చీటీ గట్టిగా మడిచి ఉందనీ, అది చేతికి తగిలేలా మడిచారనీ మాట లేచింది. మాట కాస్తా చొక్కాల దాకా పోయింది. చొక్కాలు విడిపించి, ఊపిరి పీల్చుకుని, ఓవర్‌మెన్ గారు మస్టర్ ఆఫీసులో నా కిటికీ దగ్గరికి వచ్చారు. ఓవర్‌మెన్ అంటే షిఫ్టులో ఎవరు ఎక్కడ పనిచేయాలో చెప్పే ఆయన. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. మా వాళ్ల మధ్య పుట్టి పెరిగినా, కోపం వస్తే మర్యాద ఎక్కువయ్యేది.

“మేడం గారూ, మీరేదో కంప్యూటర్ క్లాసుకు వెళ్తున్నారటగా. ఈ చీటీల గోల దాంతో తీయించలేరా?”

తీయించగలనని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అని ఇప్పుడు అనడం తేలిక.

నేను ఆ గనిలో హాజరు రాసే గుమస్తాను. డిగ్రీలో గణితం చదివాను. అంటే లెక్క తప్పితే ఎందుకు తప్పిందో చెప్పగలను, తప్పకుండా ఆపగలనని కాదు. చదువు ముగిసి పద్దెనిమిదేళ్లయింది, కాస్త తుప్పు వదిలిద్దామని గోదావరిఖనిలో ఒక కంప్యూటర్ సెంటర్లో చేరాను. వారానికి రెండు సాయంత్రాలు క్లాసు. మేడ మీద గది, కింద మిర్చి బజ్జీల బండి. పాఠం ఎంత ఎక్కేదో చెప్పలేను గానీ నూనె వాసన మాత్రం పూర్తిగా ఎక్కేది. నేర్పే అమ్మాయి ఇంజనీరింగ్ చదివింది, నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. మామూలుగా నన్ను ‘అక్కా’ అనేది. నేను తప్పు చేసినప్పుడు ‘మేడం’ అనేది. మొదటి నెలంతా మేడంగానే గడిపాను.

మొదట పాచిక నేర్పింది. ఒకటి నుంచి ఆరు దాకా ఏదో ఒక అంకె ఇవ్వమని కంప్యూటరును అడగాలి. అది ఇస్తుంది. మనం ఊహించలేం, దాన్ని బతిమాలలేం. తర్వాత లిస్టు నేర్పింది. పేర్లు వరుసగా రాస్తే కంప్యూటరు వాటిని గుర్తుపెట్టుకుంటుంది, కాకపోతే ఒకటి నుంచి లెక్కపెట్టదు, సున్నా నుంచి పెడుతుంది.

“మొదటి పేరుకు సున్నా ఏందమ్మా?” అని అడిగాను.

“ఎన్నిటిని దాటి పోవాలె అన్నదే లెక్క అక్కా. మొదటిదానికి దాటే పని లేదు గద.”

నాకు నచ్చింది. నోటుపుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. కాబట్టి నాకు తెలియదని అనలేను. తెలియడం వేరు, పని మీద ఉన్నప్పుడు తట్టడం వేరు.

పద్నాలుగు పేర్లూ లిస్టుగా కొట్టాను, సీనియారిటీ ప్రకారం. బొగ్గు బాయిల దగ్గర ఏ కాగితమైనా సీనియారిటీతోనే మొదలవుతుంది. పెళ్లి కార్డుల పంపకంలో కూడా అదే వరస చూశాను. అలా మొదటి పేరు మా కాకది అయింది.

కాక అంటే బాబాయి, కానీ సొంత బాబాయి కాదు, మా నాన్న పార్ట్‌నర్. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరి, ఇరవై ఏళ్లు ఒకే గ్యాంగులో బొగ్గెత్తారు. ఒకరోజు కాకకు తల తిరుగుతోందని నాన్న తన జాగను ఆయనకు ఇచ్చి, కాస్త లోపలగా ఉన్న ఆయన జాగలో తను నిలబడ్డాడు. గంట తర్వాత ఆ లోపలి జాగలో పైనుంచి ఒక బండ జారింది. నాన్న కుడి పాదం పోయింది. మెడికల్‌గా అన్‌ఫిట్ అని పంపించారు, ఆయనకు బదులుగా ఉద్యోగం నాకొచ్చింది. నాన్న ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికి, దానితో ఏ సంబంధమూ లేని జబ్బుతో పోయాడు. ఆయన ఆ సంగతి ఎప్పుడో మరిచాడు. కాక మరవలేదు. పండక్కి వచ్చినా పరామర్శకు వచ్చినా, పోయేముందు ఒక్కమాట అనేవాడు. “ఆ బండ నాది.”

ప్రోగ్రాం రాయడం మొదలుపెడితే, పాచిక పాఠమే చేతిలో ఉంది కాబట్టి అదే దించాను. ఒకటి నుంచి ఆరు అన్నచోట ఒకటి నుంచి పద్నాలుగు అని మార్చాను. అయిదారుసార్లు పేర్లు బాగానే వచ్చాయి. ఏడోసారి తెరమీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. లిస్టులో లేనిదాన్ని అడుగుతున్నావని గొడవ. ఆలోచించాను. సున్నా నుంచి లెక్క కదా, చివరి పేరు పదమూడోది, పద్నాలుగన్నది లేదు. పద్నాలుగు తీసి పదమూడు పెట్టాను. ఇక ఎర్ర అక్షరాలు రాలేదు. ఎర్ర అక్షరాలు రాకపోతే ప్రోగ్రాం సరైనదే అనుకునే వయసు అది, ఆ విద్యలో. ఆ సాయంత్రం నాకు నేనే రెండు బజ్జీలు కొనిపెట్టుకున్నాను.

మొదటి నెల మానిటరును కిటికీ వైపు తిప్పి పెట్టాను. పద్నాలుగు మందీ గుమిగూడారు.

“ఇది టోపీ కంటె నయమేనా సార్?” అన్నాడు టింబర్ పని చేసే అన్న. పైకప్పుకు దుంగల ఆనింపులు పెట్టడం ఆయన పని, మాటలకు ఆనింపులు అక్కర్లేదు.

“దీనికి చుట్టాలు లేరయ్యా,” అన్నారు ఓవర్‌మెన్ గారు.

“యూనియన్ గూడ లేదు. పాపం, దీని బాధ ఎవరికి చెప్పుకుంటది?”

మీట నొక్కాను. రెండు పేర్లు వచ్చాయి. ఎవరూ ఎవరి చొక్కా పట్టుకోలేదు. రెండో నెల కూడా అంతే. మూడో నెల టింబర్ అన్నకు వచ్చింది. అయిదో నెల మళ్లీ ఆయనకే వచ్చింది. “కంప్యూటర్‌కు బట్టల జోడు పెట్టినవా?” అని మిగతావాళ్లు నెలంతా ఆయనను సతాయించారు.

కాక పేరు రాలేదు. మొదటి డ్రా నాటికి రిటైర్మెంటు పదకొండు నెలల దూరంలో ఉంది. మనుషుల్ని దించే బండి ఆగినచోటు నుంచి పని జాగకు ఏటవాలు బాట, పోయేటప్పుడు దిగడం, వచ్చేటప్పుడు ఎక్కడం. ఎక్కడం అరగంట పట్టేది ముప్పావుగంట అవుతోందని తోటివాళ్లు చెప్పేవాళ్లు. ఆయన చెప్పేవాడు కాదు. డ్రా అయ్యాక నా కిటికీ దగ్గరికి వచ్చి, “నాది రాలేదా? మంచిగైంది,” అని దీపం తీసుకుని దిగిపోయేవాడు.

ఆరో నెల కూడా రాలేదు. ఆ రోజు నేనే పిలిచాను.

“ఫికర్ చెయ్యకు కాకా. లెక్క చూసిన. ఆరుసార్ల డ్రాల అయిదుగురిల ఇద్దరికి ఒక్కసారి గూడ రాకపోవచ్చు. ఇది వింతేం గాదు.”

“ఆ ఇద్దరు ఎవరో నీ లెక్క చెప్తదా?”

“చెప్పదు.”

“నాకు తెల్సు గద.” హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ అన్నాడు. “రావాల్సిన బండ ఒకపారి తప్పించుకున్న. ఇప్పుడు పేరు రాలేదని ఏడిస్తె మీ నాయిన నవ్వడా?”

నా లెక్క తప్పు కాదు. నిజంగానే అయిదుగురిలో ఇద్దరికి అలా జరుగుతుంది. ఆ నిజమే ఆరు నెలలు నా కళ్లు మూసింది. వేరే ఏ యంత్రంలో తప్పు ఉన్నా చప్పుడు చేస్తుంది, వేడెక్కుతుంది, ఆగిపోతుంది. నసీబు తీసే యంత్రంలో తప్పు ఉంటే అది అచ్చం నసీబులాగే కనిపిస్తుంది.

ఆ నెలాఖరుకు క్లాసులో అమ్మాయి లెక్కించడం నేర్పింది. “ఒక్కసారి తీస్తే వచ్చింది వచ్చినట్టు. వెయ్యిసార్లు తీసి, ఎవరెవరు ఎన్నిసార్లు వచ్చిన్రో లెక్కపెడితే అప్పుడు దాని గుణం తెలుస్తది,” అంది. బొమ్మా బొరుసుతో చేసి చూపించింది. మిగతావాళ్లు పండ్ల పేర్లతో చేస్తున్నారు. నా దగ్గర తయారుగా ఒక లిస్టు ఉంది కదా అని దానితో చేశాను. నా యంత్రం ఎంత న్యాయమైనదో చూసుకుని మురిసిపోదామని కూడా కొంత.

పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి, పక్కన అంకెలు. డెబ్బై నాలుగు, ఎనభై ఒకటి, డెబ్బై తొమ్మిది. అందరూ అటూ ఇటూగా అక్కడే ఉన్నారు. పైన మొదటి వరసలో కాక పేరు, పక్కన సున్నా.

మళ్లీ నడిపాను. సున్నా. పదివేలసార్లు నడిపాను. సున్నా.

అమ్మాయి నా వెనక వచ్చి నిలబడింది. కాసేపు చూసి, “మేడం,” అంది మెల్లగా. “ఒకటి నుంచి తీస్తున్నరు. సున్నాను వదిలేసిన్రు. మొదటి పేరు దీనికి కనపడనే కనపడది.” తర్వాత, “ఎవరు మేడం ఆ మొదటాయన?” అని అడిగింది.

“మా నాన్న పార్ట్‌నర్.”

ఒకటి చెరిపి సున్నా పెట్టాను. ఒక మనిషిని ఆరు నెలలు ఆశే లేని డ్రాలో నిలబెట్టిన తప్పు, దిద్దుకోవడానికి ఒక్క అంకె చాలింది. పెద్దవాడని మర్యాదకు పైన రాసిన పేరు. అడుగున రాసి ఉంటే వచ్చే అవకాశమైనా ఉండేది.

ఆదివారం గనికి సెలవు. కాక క్వార్టరుకు పోయాను. ఆయన గడపలో కూర్చుని, ఉప్పు మూట వేడిచేసి మోకాలికి పెట్టుకుంటున్నాడు. చిన్నమ్మ చాయ్ తెచ్చింది. చాయ్ తాగాక చెబుదామనుకున్నాను. చెప్పాక తాగనిస్తారో లేదో అని. తీరా గ్లాసు చేతిలోకి వచ్చాక తాగలేక ముందే చెప్పేశాను.

సున్నా గురించి చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన మధ్యలో ఆపలేదు.

“వెయ్యిసార్లు తీస్తె ఒక్కసారి గూడ రాలేదా?”

“రాలేదు కాకా. రాదు. నేను రాసిందే అట్ల ఉంది.”

“అంటే అది గాదన్నట్టు.”

“ఏది?”

ఆయన మూటను మళ్లీ మళ్లీ అదే చోట అద్దుతున్నాడు. అది చల్లారి చాలాసేపయింది. నాన్న పాదానికీ తన పేరు రాకపోవడానికీ మధ్య ఆయన ఆరు నెలలు ఒక దారి వేసుకున్నాడు. ఆ దారి మీద నడిచే రోజూ ఏటవాలు ఎక్కాడు. నేను వచ్చి, అక్కడ దారి లేదు, నేను ఒక అంకె తప్పు కొట్టాను అంతే, అన్నాను.

చిన్నమ్మకు కోపం వచ్చింది. రావాల్సినంత వచ్చింది.

“చదువుకున్నోళ్లు గదా, చూసుకోవద్దా? రాత్రిళ్లు ఈయన మోకాలు పట్టుకొని మూలుగుతాంటె నేను దేవుణ్ణి తిట్టిన. నిన్ను తిట్టాల్సిందని తెల్వదాయె.”

“తిట్టు చిన్నమ్మా.”

“ఇప్పుడు తిడితె మోకాలు వస్తదా?”

“ఊకో,” అన్నాడు కాక ఆమెతో. నాతో, “ఎల్లుండి డ్రా ఉన్నది గద. అందరి ముందట చెప్పు. నా ఒక్కనికి చెప్తె ఇంటి ముచ్చటైతది,” అన్నాడు. పోయేముందు ఎప్పుడూ అనే మాట ఆ రోజు ఆయన అనలేదు.

మంగళవారం మస్టర్ హాల్లో అందరి ముందూ చెప్పాను. హాస్యంగా చెప్పే అలవాటు నాకు, ఆ రోజు ఒక్క వాక్యం కూడా ఆ దారిన పోలేదు.

“అందుకేనారా నీకు రెండుపార్లు వచ్చింది,” అని ఎవరో టింబర్ అన్నను పొడిచారు. ఆయన నవ్వలేదు. ఓవర్‌మెన్ గారి మర్యాద చాలా పెరిగిపోయింది. “మేడం గారూ, తమరు ఇంత పని చేస్తారనుకోలేదండీ,” అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, పెద్దాయనకు మిగిలింది అయిదు నెలలే, డ్రా లేకుండా ఆ అయిదు నెలలూ పైనే ఉంచుదాం, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు. ఎవరికీ లేదు.

కాకకు ఉంది.

“గట్ల ఇస్తె మీరు ఇచ్చినట్టు, నాకు వచ్చినట్టు గాదు. నా పేరు గూడ ఏసి తియ్యిండ్రి.”

“అయితే టోపీ తెప్పించనా?”

“టోపీ ఎందుకు? ఈ బిడ్డ సక్కజేసిన అంటాంది గద. గదే తియ్యనీ.”

నా వేలు మీట మీద ఉంది. ఆయన పేరు రావాలని జీవితంలో దేనికీ మొక్కనంతగా మొక్కాను. కంప్యూటరును బతిమాలలేమని నాకు మొదటి పాఠంలోనే చెప్పారు. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి స్టోరుకు, ఒకటి ల్యాంపు రూముకు. రెండోది టింబర్ అన్నది, మూడోసారి.

ఆయన తెర వైపు చూసి తల కొట్టుకున్నాడు. “అన్నా, నాకొద్దే ఈ పాపం. నా జాగల నువ్వు కూసో. నీ జాగల నేను దిగుత.”

హాలు మొత్తం ఇది బాగుందన్నట్టు కదిలింది. కాక ఒక్కడే కదల్లేదు.

“జాగలు మార్చుకునుడు నాతోని పెట్టకు తమ్మీ,” అన్నాడు. “ఒకపారి మార్చుకున్న. సాలు.”

ఆ మాట ఎందుకన్నాడో హాల్లో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లకు పక్కవాళ్లు చెబుతుండగా, ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చి హాజరు వేయించుకున్నాడు.

“ఇప్పుడు నిజంగనే రాలేదు గద?”

“నిజంగనే రాలేదు కాకా.”

“అయితె మంచిగైంది,” అని దీపం తీసుకుని దిగిపోయాడు. ఆ మాట ఆరు నెలలుగా విన్నదే. ఈసారి ఆయన దాన్ని నన్ను ఓదార్చడానికి అన్నాడో, తనకు నిజంగా అలాగే అనిపించిందో నేను తేల్చుకోలేకపోయాను. ఆ నెలంతా షిఫ్టు విడిచే వేళకు, పని ఉన్నా లేకపోయినా, కిటికీ దగ్గర నిలబడేదాన్ని. ఆయన అందరికన్నా వెనక వచ్చేవాడు. నన్ను చూసి, “ఇంక ఇంటికి పోలేదా?” అనేవాడు.

మరుసటి నెల డ్రాలో కాక పేరు వచ్చింది. ల్యాంపు రూముకు.

ఎవరూ కేకలు వేయలేదు. టింబర్ అన్న ఒక్కసారి చప్పట్లు కొట్టబోయి, చుట్టూ చూసి చేతులు జేబులో పెట్టుకున్నాడు. కాక తెరమీద తన పేరును కాసేపు చూశాడు. చదువు అంతగా లేకపోయినా తన పేరు గుర్తుపడతాడు. కిటికీకి దగ్గరగా వచ్చి, నాకొక్కదానికే వినబడేలా అడిగాడు.

“నువ్వేమన్న జేసినవా బిడ్డా?”

“లేదు కాకా.”

అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. ప్రోగ్రాం తెరిచి చూపించవచ్చు, అది ఆయనకు చదవరాదు. వెయ్యిసార్లు తీసి చూపించవచ్చు, కానీ ఆయన అడుగుతున్నది ఈ ఒక్కసారి సంగతి. ఒక్కసారికి రుజువు లేదు. తప్పు చేసినప్పుడు లెక్క చెప్పి నమ్మించాను. చేయనప్పుడు నమ్మించడానికి లెక్క లేదు.

లోపల పని మొదలుపెట్టే ముందు వాళ్లు పొడుగాటి కర్రతో పైకప్పును తట్టి వింటారు. గట్టిగా ఉన్న బండ ఒకలా పలుకుతుందట, వదులైనది ఇంకోలా. కాక అలాగే నా ముఖం వైపు చెవి పెట్టినట్టు కాసేపు నిలబడ్డాడు. ఏం వినిపించిందో నాకు చెప్పలేదు. “సరే,” అని, మోకాలి మీద చెయ్యి ఆనించి తిరిగి, ల్యాంపు రూముకు నడిచాడు.

దిగేవాళ్లు అప్పటికే అక్కడ వరసలో ఉన్నారు. ఆయన లోపలికి పోయి ఒక దీపం అందుకుని, వెలిగించి చూసి, ఆర్పి, ముందున్నవాడి చేతికి ఇచ్చాడు.